బలమని రాసిన వణుకు

బరువెత్తిన చెయ్యి ఎక్కువగా కంపిస్తే అది బలమా, అలసటా? ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఈ ప్రశ్న వేసుకోకుండానే నేను తీర్పు చెప్పాను.

మా ప్రాజెక్టు కోసం అచ్యుతాపురంలోని ఒక కర్మాగారంలో, కండరాల కంపనాన్ని బట్టి శ్రమను కొలిచే సెన్సర్లను డ్యూటీ చివర్లో కార్మికుల ముంజేతులకు కట్టి, అందరిచేతా ఒకే మూట ఎత్తించాం. మూటలెత్తే అప్పలనాయుడుగారు చెయ్యి నొప్పిగా ఉందని తేలిక పని అడుగుతున్నారు. సూపర్‌వైజరు నమ్మడం లేదు. అందరిలోకీ ఆయన చేతి కంపనమే ఎక్కువగా నమోదైంది. "ఈయనే అందరికన్నా బలవంతులు" అని డిబేట్‌లో గెలిచినంత ధీమాగా ప్రకటించి, నివేదికలోనూ అదే రాశాను.

సూపర్‌వైజరు నవ్వాడు. "ఇన్నావా నాయుడూ? ఇంకేటి నొప్పి?"

అప్పలనాయుడుగారు నా మీద కోప్పడలేదు. "బలం కాదు పాపా, అలిసిపోయి వణికిపోతంది సెయ్యి. నీ మిషన్‌కి ఆ తేడా తెల్దేటి? రేపు పనెక్కకముందు ఇదే మూట ఎత్తుతాను, అప్పుడు సూడు" అన్నారు.

మర్నాడు ఉదయం అదే మూటకు కంపనం సగమే వచ్చింది. పొరపాటు నాదేనని సూపర్‌వైజరు ఎదుటే ఒప్పుకుని, నివేదిక తిరగరాశాను. ఆ వారమే అప్పలనాయుడుగారిని తేలిక పని ఉండే ప్యాకింగ్ విభాగానికి మార్చారు. నాకు చదువు చెప్పినవారిలో ఆయననూ కృతజ్ఞతతో తలచుకుంటాను.

మీరు ఏ యంత్రంతో ఎవరిని కొలిచినా, ఆ కొలతకు అర్థం రాసే ముందు దయచేసి ఆ మనిషిని అడగండి.