చిటికెన వేలు ఆడని పాట

సోలో మాస్టారి అసలు పేరు రెండే చోట్ల కనిపిస్తుంది. ఒకటి కరెంటు బిల్లు మీద, రెండోది ఓ పాత రికార్డు అట్ట వెనకాల. ఆ అట్ట మీద ‘వయొలిన్ సోలో’ అని అచ్చేసి పక్కన ఆయన పేరుంటుంది. ఆ ఒక్క ముక్క వల్లే ఆయన సోలో మాస్టారయ్యాడు. స్టూడియోలో మూడో వరస కుర్చీలోంచి లేచి మొదటి వరసకొచ్చాడు. ఇరవై ఆరేళ్లుగా తలెత్తుకు తిరుగుతున్నాడు. తలెత్తుకు తిరుగుతున్నాడని జనం అనుకుంటున్నారు లెండి, లోపలి సంగతి వేరు.

ఆ బుధవారం ఉదయం రేడియో స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కార్యక్రమంలో తనకిష్టమైన ఐదు పాటలు వేయించి, ఒక్కోదాని గురించి నాలుగు మాటలు చెప్పాలట. ఫోనెత్తింది మాస్టారి భార్య.

“ఇష్టమైనవి ఎందుకండీ, ఇష్టంలేనివి అడగండి. మా ఆయన సాయంత్రం దాకా చెబుతూనే ఉంటారు,” అని నవ్వి, ఫోను ఆయన చేతిలో పెట్టింది.

మాస్టారు కాగితం తీసుకుని కూర్చున్నాడు. చెప్పొద్దూ, ఈయన ఇష్టాలే విచిత్రం. లోకం పాటని మెచ్చుకునేది గొంతు చూసి, మాట చూసి. ఈయన మెచ్చుకునేది అందులో దొర్లిన పొరపాటు చూసి. మొదటిది ఓ జోలపాటల ఆల్బమ్‌లోది. పాడినావిడకి ఆ రోజు విపరీతమైన పడిశం. ముక్కు దిబ్బడతో పాడిన ఆ ఒక్క జోలలో ఉన్నంత నిద్ర, ఆవిడ ఆరోగ్యంగా పాడిన మిగతా తొమ్మిదింటిలోనూ లేదని ఈయన వాదన. రెండోది డాన్సు పాట. మధ్యలో డ్రమ్ములాయన పకపకా నవ్వేస్తాడు, ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. మూడోది రేకుల షెడ్డులో రికార్డు చేసింది. మూడుసార్లు వాన అడ్డొచ్చేసరికి సంగీత దర్శకుడికి విసుగెత్తి, “కురవనీండయ్యా ఆ దిక్కుమాలిన వానని, అదీ వాయిస్తుంది” అన్నాడట. ఆ వాన పాటలో అలాగే ఉండిపోయింది. నాలుగోది పళ్లపొడి ప్రకటన కోసం తానే కట్టిన అరనిమిషం ట్యూను.

“ఇదీ ఓ పాటేనా!” అంది భార్య.

“నాదని చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే,” అన్నాడు మాస్టారు. ఆ మాట ఎంత బరువైనదో ఆవిడకి తెలీదు. చాల్లే సంబడం అన్నట్టు మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఐదో అంకె వేసి పక్కన ఖాళీ వదిలేశాడు. ఆ ఖాళీలో ఏముండాలో రేడియో అమ్మాయి ముందే చెప్పేసింది. “ఐదోది మాత్రం మీ సోలో ఉన్న పాటే సార్. అది వెయ్యకపోతే వినేవాళ్లు మమ్మల్ని బతకనివ్వరు.”

ఇక్కడ బక్కోడి సంగతి చెప్పాలి. మాస్టారూ బక్కోడూ ఒకప్పుడు మూడో వరసలో పక్కపక్క కుర్చీల్లో ఫిడేలు వాయించేవాళ్లు. ఒకే కంచంలో తిన్నంత స్నేహం. స్టూడియోల్లో ఓ అలవాటుంది. పిలుపొచ్చినవాడికి వీలుకాకపోతే తన బదులు ఇంకొకణ్ణి పంపుతాడు. బదులొచ్చినవాడు అసలువాడి కుర్చీలో కూర్చుంటాడు, అసలువాడి పేరు పిలిస్తే పలుకుతాడు. ఎవరూ ఏమీ అడగరు. ఆ రోజు మాస్టారికి ఓ సినిమా షూటింగులో ఫిడేలు పట్టుకుని నిలబడే అవకాశమొచ్చింది. తెర మీద ముఖం కనబడుతుందన్న కక్కుర్తితో రికార్డింగుకి బక్కోణ్ణి పంపాడు. ఆ సీను తర్వాత కత్తెరకి పోయింది, అది వేరే ఏడుపు.

స్టూడియోలో ఏం జరిగిందంటే, సోలో వాయించాల్సిన పెద్దాయనకి మెడ పట్టేసింది. సంగీత దర్శకుడు కొత్తవాడు, ముఖాలు తెలీవు. జాబితా చూసి మాస్టారి పేరు పిలిచి, “మీరు వాయించండి” అన్నాడు. బక్కోడు లేచాడు. సాయంత్రం పరుగున వచ్చి మాస్టారి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. “ఒరేయ్, నువ్వివాళ సోలో వాయించావురా! ఏమాటకామాటే చెప్పాలి, అదరగొట్టావు!”

పదిరోజులకి జ్వరమొచ్చి, నాలుగో రోజుకే బక్కోడు పోయాడు. రికార్డు బజారులోకొచ్చింది ఆ తర్వాత రెండు నెలలకి.

అట్ట వెనకాల తన పేరు చూశాడు మాస్టారు. ఉన్నపళాన రికార్డు పట్టుకుని బక్కోడి భార్య దగ్గరికి బయల్దేరాడు, చెప్పేద్దామనే. ఒట్టు, చెప్పేద్దామనే. గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, పరామర్శకొచ్చిన ఇద్దరు వాద్యగాళ్లు వాటేసుకున్నారు. “ఏం వాయించావయ్యా! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?” ఎదురుగా వదిన, ఆవిడ కొంగు పట్టుకుని నాలుగేళ్ల పిల్ల. మాస్టారి నోట వచ్చిన మాట ఇది: “ఏదో, మీ అభిమానం.”

అంతే. ఆ మాట ఇరవై ఆరేళ్లుగా అంటూనే ఉన్నాడు.

బక్కోడి ఎడమచేతి చిటికెన వేలు చిన్నప్పుడు బస్సు తలుపులో పడి నలిగింది. అరచేతిలోకి ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు. పై స్వరం అందుకోవాల్సిన చోట ఎవరైనా చిటికెన వేలితో తీగ నొక్కుతారు. వాడు ఉంగరం వేలినే పైకి జరిపేవాడు. ఆ జారుడే పాటకి ప్రాణం. అది వింటే రాళ్లు కూడా కరుగుతాయని పత్రికలు రాశాయి. ఏ వేదికెక్కినా జనం అదే అడిగేవాళ్లు. మాస్టారు మొదట్లో తన నాలుగు వేళ్లతో శుభ్రంగా వాయించాడు. “రికార్డులో ఉన్నట్టు లేదండీ” అన్నారు. దాంతో రికార్డు ముందు కూర్చుని, చిటికెన వేలు ముడుచుకుని, చచ్చినవాడి చేత్తో వాయించడం నేర్చుకున్నాడు.

నేర్చుకున్నాడు గానీ మరిచిపోవడం చేతకాలేదు. ఆ వేలు ఇప్పుడు దానంతటదే ముడుచుకుంటుంది, బలవంతాన తెరుస్తూ ఉండాలి. కాఫీ కప్పు పట్టుకున్నప్పుడు, చొక్కా గుండీలు పెట్టుకున్నప్పుడు, పేపరు తిప్పుతున్నప్పుడు. భార్య పోరు పడలేక డాక్టరుకి చూపిస్తే, వేలికేం లేదు పొమ్మన్నాడు. మాస్టారికి తెలుసు వేలికేముందో. వాయిస్తుంటే తన చేతిలో ఇంకో చెయ్యి దూరినట్టుంటుంది. పట్టపగలు, నిండు సభలో ఒళ్లు జలదరిస్తుంది. భయం. మరో మాట లేదు, భయమే.

ఆ మధ్యాహ్నమే బక్కోడి కూతురొచ్చింది. ఏడో ఏట నుంచీ దానికి ఫిడేలు నేర్పింది మాస్టారే. ఆ ఒక్క పాట తప్ప అన్నీ నేర్పాడు. ఇప్పుడు దానికి ముప్ఫై ఏళ్లు. ఓ ఆర్కెస్ట్రాలో వాయిస్తోంది.

“బాబాయ్, ఈసారి తప్పించుకోలేవు. వచ్చే నెల స్టేజి మీద నీ సోలో నేనే వాయించాలి. నేర్పు.”

మాస్టారు పేపరందుకున్నాడు. “దానికింకా టైముందిలేవే.”

“నాకు జుట్టు నెరిశాక నేర్పుతావా?” అని నవ్వి, పెట్టె తెరుస్తూ అంది, “నాన్న వాయించింది ఒక్క ముక్క దొరికినా బావుండేది బాబాయ్. వందల పాటల్లో ఉన్నాడంటారు. ఆ గుంపులో ఎక్కడని వెతకను?”

మాస్టారు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ పిల్ల అదేం గమనించకుండా వాయించడం మొదలుపెట్టింది. రికార్డు విని పట్టేసిందట. ఎక్కడా వంకపెట్టడానికి లేదు, ఆ జారుడు దగ్గర తప్ప. అక్కడ చిటికెన వేలితో నొక్కింది. మాస్టారు ఆపుకోలేకపోయాడు.

“చిటికెన వేలు కాదు. దాన్ని లోపలికి ముడిచెయ్. ఉంగరం వేలినే జరుపు.”

ముడిచింది. జరిపింది. గదిలో బక్కోడు వాయించాడు.

అమ్మాయి కమాను ఆపేసింది. ముడుచుకున్న తన వేలిని చూసుకుంది. తర్వాత మాస్టారి ఒళ్లో ఉన్న ఆయన చెయ్యి చూసింది. అక్కడా ముడుచుకునే ఉంది.

“ఎందుకు ముడవాలి? నీ వేలు బానే ఉందిగా బాబాయ్.” మెల్లగా, “నాన్న వేలు కదూ బస్సు తలుపులో...” అని ఆగిపోయింది.

“మీ నాన్నేనమ్మా,” అన్నాడు మాస్టారు. “అది వాయించింది మీ నాన్నే. నేను ఆ రోజు స్టూడియోలోనే లేను.” అంతవరకూ చెప్పి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

అమ్మాయి ఏడవలేదు. “నాకాయన గొంతు గుర్తులేదు. ముఖం ఫోటోలో చూసిందే. ఒక్క ముక్క ఉంది తల్లీ అని చెప్పడానికి నీకు నోరు రాలేదా? ఇన్నేళ్లు నా ఎదురుగా కూర్చుని!” ఫిడేలు పెట్టెలో పెట్టేసింది. “అందుకా... ఆ పాట రేడియోలో వస్తే అమ్మ ఏ పనిలో ఉన్నా వచ్చి కట్టేసేది. నువ్వు పైకొచ్చావని కడుపుమంట అనుకున్నాను. పిచ్చిదాన్ని, అమ్మనే తప్పుపట్టాను.”

మాస్టారికి అప్పుడర్థమైంది. వదినకి తెలుసు. మొదట విన్నప్పుడే తెలిసుంటుంది. మొగుడి చెయ్యి పోల్చుకోలేని ఆవిడ కాదు. ఇన్నేళ్లూ ఆవిడ ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఎన్నిసార్లన్నాడు, ఏదో మీ అభిమానం అని!

అమ్మాయి అలమరలోంచి ఆ రికార్డు తీసుకుంది. వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మాస్టారు భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ ఐదో అంకె పక్కన ఖాళీ ఉన్న ఆ కాగితం తెచ్చి ముందు పెట్టి, “రేడియోకి వెళ్లండి,” అంది. “నాకు చెప్పడం కాదు.”

ఆదివారం వెళ్లాడు. పడిశం పాట, నవ్వు పాట, వాన పాట, పళ్లపొడి ట్యూను అయ్యాయి. రేడియో అమ్మాయి ముఖం వెలిగిపోతూ అడిగింది, “ఇక ఐదోది! ఆ జారుడు మీకెలా తట్టింది సార్?”

ఏదో మీ అభిమానం అన్న మాట అలవాటుగా పెదవుల దాకా వచ్చింది. మింగేశాడు.

“అది నేను వాయించలేదమ్మా.”

బక్కోడి అసలు పేరు ఇంటిపేరుతో సహా చెప్పాడు. బదులు వెళ్లిన సంగతి, అట్ట మీది పేరు, గుమ్మంలో ఆడిన అబద్ధం, ఒక్కటీ దాచలేదు. రేడియో అమ్మాయి అద్దం అవతలి ఇంజనీరు వంక చూసింది. అతను పాట వేశాడు.

ఇంటికొచ్చి ఫోను పక్కనే కూర్చున్నాడు. అన్నం తినలేదు. నాలుగున్నరకి బక్కోడి కూతురి నుంచి ఫోనొచ్చింది.

“అమ్మా నేనూ విన్నాం,” అంది. “పాట మొదలవగానే అమ్మ లేచి రేడియో దగ్గరికి వెళ్లింది బాబాయ్. ఎప్పట్లాగే కట్టేస్తుందనుకున్నాను.”

మాస్టారు ఫోను చెవికి అదుముకున్నాడు.

“సౌండు పెంచింది.”

అటు నుంచి ఏడుపు వినబడింది. అది కూతురిదో తల్లిదో తెలీలేదు. “నువ్వు మాత్రం కొన్నాళ్లు మా ఇంటికి రాకు,” అని అమ్మాయి ఫోను పెట్టేసింది.

మాస్టారు తన చెయ్యి చూసుకున్నాడు. చిటికెన వేలు ముడుచుకునే ఉంది. ఈసారి దాన్ని తెరవడానికి ఆయన ప్రయత్నించలేదు.