కొల్లేటి నీళ్లలో సముద్రపు పువ్వులు

పోయిన శనివారం మా గురువుగారి ముందు నా పరువు పోయింది. పోయింది కూడా నా వంటింట్లోనే. ఎలాగో వినండి.

నేను కాలేజీలో జువాలజీ చెబుతానని మీకు తెలుసు. వరదల్లో కొల్లేటి నీరు ఉప్పుటేరు వెంట సముద్రంలో పడుతుంది కదా, ఆ చప్పటి నీటిని అక్కడి ఎనిమొనీలు ఎంతవరకు తట్టుకుంటాయో చూద్దామనుకున్నాను. ఎనిమొనీలంటే పగడపు జీవులకు చుట్టాలు. రాయికి అంటుకుని, చుట్టూ మీసాలు చాచి పువ్వుల్లా విచ్చుకుంటాయి, కష్టం కలిగితే ముడుచుకుని ఉండలైపోతాయి. బందరు నుంచి కొన్నిటిని సముద్రపు నీళ్లతో సహా రైల్లో తెప్పించాను. ఏలూరు ఎండలకు మా ఇంట్లో కాస్త చల్లగా ఉండేది వంటింటి గూడే. రెండు గాజుజాడీలు అక్కడ పెట్టాను. మొదటిదానిలో అచ్చంగా సముద్రపు నీరు. రెండోదానిలోంచి రోజూ కొంత తీసేసి కొల్లేటి నీరు పోస్తాను.

వాటిని కాస్త కనిపెట్టి ఉండమని మా వంటమనిషి మరియమ్మకు చెప్పాను. ఆమెది పెదపాడు. పని అప్పగిస్తే వదలదు.

మూడో రోజుకు రెండో జాడీలోవి ఉండలయ్యాయి. అనుకున్నదే. అయిదో రోజు పొద్దున చూద్దును కదా, అన్నీ హాయిగా విచ్చుకుని ఉన్నాయి! చప్పటి నీటికి అలవాటుపడిపోయాయని తేల్చేశాను. రోజుకు రెండుసార్లు వేడి కొలిచాను, భూతద్దం పెట్టి మీసాలు లెక్కపెట్టాను. ఉప్పు మాత్రం మొదటిరోజు కొలిచి ఊరుకున్నాను. మద్రాసులో ఉన్న గురువుగారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఆయన సరేనంటేనే నా వ్యాసం అచ్చవుతుంది. ఆయన నమ్మలేక, తానే వచ్చి చూస్తానని రైలెక్కేశారు.

వచ్చి, గూటి ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇందులో ఇంకేమైనా కలిపావా అమ్మా?"

లేదండీ అన్నాను ధీమాగా.

"నేనేశానండి, కల్లుప్పు," అంది మరియమ్మ పొయ్యి దగ్గర నుంచి. "సముద్రంలో పుట్టినవి కదండీ. అమ్మగారు రోజూ చప్పనీళ్లు పోస్తుంటే ముడుచుకుపోయాయండి. కనిపెట్టి ఉండమన్నారు కదా అని."

ఎంత వేశావని ఆయన అడిగారు. కొలతేమీ లేదట. మొదటి జాడీలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, రెండోది ఆ రుచికి వచ్చేదాకా వేస్తుందట.

గురువుగారు రెండు జాడీల్లోనూ వేలు ముంచి రుచి చూశారు. "సరిగ్గా కుదిరింది," అన్నారు, ఆమెతో. నాతో మాత్రం మళ్లీ మొదలుపెట్టమన్నారు.

సోమవారం నుంచి మొదలుపెట్టాం. మరియమ్మ రుచి చూసి చెబుతుంది, నేను నోటుబుక్కులో రాసుకుంటాను.