పర్వతాలు తాత ముత్తాత వేట

పెత్తరమాసనాడు పెద్దల పేరిట బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతారు. రాంగోపాల్‌పేట్ పర్వతాలు తాత మూడో పేరు దగ్గర దొంగ దగ్గు దగ్గుతాడు. ముత్తాత కంటోన్మెంటులో పటాలం సామాను మోసేవాడని తప్ప ఆయనకేమీ తెలియదు. అందుకే ప్రతి శనివారం గొడుగు చంకన పెట్టుకొని బయల్దేరి, చర్చి రిజిస్టర్లూ మిలిటరీ దస్తరాలూ వేలు తడుపుకుంటూ తిరగేస్తాడు. మొన్న దస్తరాల గుమాస్తా అనుపమ ఒక పేజీ చదివి వినిపించింది. "మల్లయ్య. పన్నెండేళ్ల సర్వీసు. నెమ్మదస్తుడు. ఎంత బరువెత్తినా మొరాయించడు." తాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అనుపమ అట్ట తిప్పి చూసి నాలుక కరుచుకుంది.

"తాతా, పరేషాన్ గాకు. ఇది కంచర గాడిదల రిజిస్టరు."

తాత జేబులోంచి పెన్ను తీసిచ్చాడు.

"గా పేరే రాసియ్యి బిడ్డా, అయ్యగారికి జెప్త. గింత మంచోడు మా ఖాందాన్‌ల ఇంకొకడు లేడు."