మొసళ్ల ఒడ్డున మా అత్త

"అమ్మ పోయింది. తీస్కొస్తున్నం. ఇంటి తాళం తీసిపెట్టు" అని గద్వాల దవాఖాన నుంచి మా బావ ఫోన్ చేశాడు. జ్వరమని తీసుకుపోయిన మా మేనత్త ఇక లేదు. కృష్ణలో వరద తగ్గి బండలు బయటపడే రోజులివి. ఏటా ఇప్పుడే పట్నాల నుంచి వచ్చినవాళ్లను ఒడ్డు వెంట నడిపిస్తూ పిట్టలను, నీటికుక్కలను, మొసళ్లను చూపించేది. మీలో కొందరు ఆమె వెనక నడిచే ఉంటారు.

చాలా ఏళ్ల కిందట ఆ మొసళ్లలో ఒకటి మా మామను తీసుకుపోయింది. పుట్టి ఒడ్డుకు లాగి వల కడుక్కుంటున్నాడట. మర్నాడు దిగువన దొరికినదాన్ని మూటగట్టి తెచ్చి, అత్తకు చూపించకుండానే పూడ్చారు. ఆ సాయంత్రమే మగవాళ్లు బరిసెలు, గొడ్డళ్లు పట్టుకుని ఏటికి బయలుదేరారు. అత్త వాకిట్లోకొచ్చి అడ్డంగా నిలబడింది.

"ఏ మొసలో మీకెర్కనా? కనబడ్డదాన్నల్లా సంపుతరా? ఒకడు పోయిండు, సాలదా? చీకట్ల నీళ్లల్ల దిగి ఇంకొకడు పోవాల్నా?"

వాళ్లు ఆగారు. కానీ మొగుణ్ణి తిన్నదాన్ని కాపాడిందని చాలా రోజులు చెప్పుకున్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది.

"నాకు దాని మీద పాణమా పిల్లా? దాన్ని జూస్తే ఇప్పటికీ కడుపుల మంట లేస్తది. గని యాడుందో తెల్వకుంటే ఇంకా బయం" అని నాతో అంది.

పొద్దున్నే గట్టెక్కి కూర్చుని, అవి ఏ బండ మీద ఎండకు పడుకుంటాయో, ఏ రేవుకు వస్తాయో చూడటం మొదలుపెట్టింది. బట్టలుతికే ఆడవాళ్లను వేరే రేవుకు తోలేది. తర్వాత కెమెరాలవాళ్లు వచ్చి దారి చూపించమన్నారు. ఆ నడకలు అలా మొదలయ్యాయి.

నేనూ చాలాసార్లు వెంట వెళ్లాను. రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులను చూపిస్తున్నప్పుడు ఆమె గొంతు మెత్తబడేది. మొసలి కనబడితే మాట ఆగిపోయేది. కర్రతో అటు చూపించి, తను ఇటు తిరిగేది.

ఒకసారి వనపర్తి నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు ఫోటో కోసం నీళ్ల అంచు దాకా దిగింది. అత్త పరుగెత్తి ఆమెను జడ పట్టి వెనక్కి లాగింది. ఆ అమ్మాయి భర్త మీదికొచ్చాడు.

"ఆడపిల్ల మీద చెయ్యేస్తవా?"

"గుంజితే జడ నొచ్చింది, గంతే గద అయ్యా! నా మొగనికి కాళ్లు దొరకలే."

 ఆ మూటలో కాళ్లు లేవన్న సంగతి ఆమెకు తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. మిగతా నడక పూర్తిచేసి అందరినీ బండి దాకా సాగనంపింది. ఇంటికొచ్చి ఆ పూట పొయ్యి ముట్టించలేదు.

మామ తర్వాత మా ఊళ్లో ఎవరూ మొసలి నోట పడలేదు. అది ఆమె చలవేనని ఆమె బతికుండగా ఒక్కరూ అనలేదు. ఇప్పుడంటున్నారు.

అత్తను మట్టి చేసిన తర్వాతి ఆదివారం నాగర్‌కర్నూల్ నుంచి ఒక జీపు వచ్చింది. ముందే మాట్లాడుకున్నవాళ్లు, కబురు తెలియదు. చెప్పాను. ఒక పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నువ్వు తోల్కపోతవా అమ్మా?"

"నాకంత తెల్వదు సార్. పైనుంచి సూడొచ్చు, రాండ్రి."

గట్టు మీద నిలబడ్డాం. ఏరు ఇంకా ఎర్రగానే ఉంది. ఒక లకుముకి పిట్ట గాలిలోనే ఆగి, రెక్కలు కొట్టుకుని, నీళ్లలోకి రాయిలా పడింది. ఖాళీ ముక్కుతో లేచింది. మళ్లీ ఆగింది, మళ్లీ పడింది. ఎండ ముదిరేదాకా చూస్తూనే ఉన్నాం. ఎవరమూ కిందికి దిగలేదు.