ఐపీ క్లాసులో నేనడిగిన ప్రశ్న

భద్రాచలంలో ఆ ఆదివారం జరిగిన శిక్షణ తరగతిలో నాకు దొరికిన కుర్చీకి ఒక చెయ్యి లేదు. మంచి కుర్చీలన్నీ ముందు వరుసల్లో సీనియర్లకు వేశారు. ఖమ్మం నుంచి పొద్దున్నే బస్సెక్కి అందరికన్నా ముందు వచ్చిన వకీలును నేను. అయినా "మీరు వెనక్కి కూర్చోండి మేడం" అన్నారు. ఇలాంటివి నేను రాసిపెట్టుకోను. గుర్తుంటాయి.

తరగతి దివాలా చట్టం మీద. మా వైపు దాన్ని ఐపీ అంటారు. అప్పులపాలైన మనిషి తన వల్ల కాదని కోర్టుకు చెప్పుకుంటే "ఫలానాయన ఐపీ పెట్టిండు" అని ఊరంతా పాకుతుంది. ఆ పిటిషన్లు వేయడమే నా బతుకుతెరువు. కొత్త తీర్పులు చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద వకీలు వచ్చారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"ఆస్తి దాచి ఐపీ వేస్తే ఏమవుతుందో మీ క్లయింట్లకు చెబుతున్నారా? జైలుకు పంపే సెక్షన్ ఉంది. పిటిషన్ రాసేది మీరు. అందులో ఉన్నదంతా నిజమని ప్రమాణం చేసేది వాళ్లు" అన్నారాయన.

రాసుకుంటున్న పెన్ను ఆపేశాను.

మర్నాడే ఖమ్మం కోర్టులో నా క్లయింటు విచారణ. తిరుమలాయపాలెం వైపు ఎరువుల దుకాణం పెట్టి మునిగిపోయినవాడు. ఇల్లు, బండి, దుకాణంలో మిగిలిన సామాను అన్నీ పిటిషన్‌లో చూపించాం. భద్రాచలం దాటాక అడవి అంచున ఒక కోయ రైతు పొలంలో సగం పాలుకు వేసిన మిరప తోట మాత్రం చూపించలేదు. అది ఏజెన్సీ. అక్కడ గిరిజనుల భూమిని బయటివాళ్లు కొనకూడదు, కౌలుకూ తీసుకోకూడదు. అందుకే వ్యవహారమంతా నోటిమాట మీద నడుస్తుంది. కాగితం లేదు కాబట్టి ఆస్తీ లేదు. మా కోర్టులో వకీళ్లందరి పద్ధతీ ఇదే.

ఆ పద్ధతి నాకు నేర్పిన సీనియర్ ముందు వరుసలో, చేతులున్న కుర్చీలో కూర్చున్నాడు. జూనియర్‌గా ఉన్నప్పుడు నేనొక పిటిషన్‌లో ఏజెన్సీ పంట రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి, గుమాస్తాల ముందు "గిది రాస్తరా ఎవరన్న? లా యాడ చదివినవమ్మా?" అన్నాడు. వాళ్లు నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. ఇప్పుడు నా క్లయింటు కేసులో అప్పులవాళ్ల తరఫు వకీలు ఆయనే.

ప్రశ్న అడిగితే ఆయనకు తెలిసిపోతుంది. అడగకపోతే రేపు నా క్లయింటు తెలియక అబద్ధపు ప్రమాణం చేస్తాడు. లేచి నిలబడ్డాను.

"సార్, ఒకతనికి భూమి లేదు. వేరేవాళ్ల భూమిలో నోటిమాట మీద సాగు చేస్తున్నాడు. అది చూపించాలా?"

సీనియర్ మెడ వెనక్కి తిరిగింది.

"భూమి అతనిది కాదు, సరే. పంట ఎవరిది?" అన్నారు హైదరాబాదు వకీలు. "కోసి అమ్మితే అతని చేతికి ఎంత వస్తుందో అది చూపించాల్సిందే. మంచి ప్రశ్న, థాంక్యూ సార్."

ఆ థాంక్యూ ముందు వరుసకు చెప్పారు. సీనియర్ లేచి అందరికీ నమస్కారం పెట్టాడు. నాకు రావలసిన మర్యాద అది. అయితే అంత భయంలో దాని గురించి బాధపడే తీరిక కూడా లేకపోయింది.

టీ విరామంలో ఇంకా ఘోరం జరిగింది. రేపటి విషయం మాట్లాడాలని క్లయింటును రమ్మన్నాను, గేటు బయటే ఉండమన్నాను. అతను నేరుగా హాల్లోకి వచ్చేశాడు. చొక్కా నిండా ఎర్రటి దుమ్ము, చేతిలో మిరపకాయల సంచి.

"కొత్త పంట మేడం! ఇంటికి తీస్కపోండ్రి, తొక్కు పెట్టుకోండ్రి."

వకీలు దగ్గరికి వట్టి చేతులతో రాకూడదనే మర్యాద మా వాళ్లది. పక్కనే టీ తాగుతున్న సీనియర్ తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు.

"యాడివయ్యా గీ కాయలు?"

"మా తోటయే సార్. ఈడనే, చర్ల రోడ్డుల" అన్నాడు క్లయింటు గర్వంగా.

సీనియర్ ఒక కాయ తీసి విరిచి వాసన చూశాడు. "మంచిగున్నయ్. రేపు కోర్టుల కలుద్దామమ్మా" అని వెళ్లిపోయాడు.

క్లయింటును హాలు వెనక్కి తీసుకుపోయి సంగతి చెప్పాను.

"జైలా? నిజంగనేనా మేడం?"

"నిజంగనే. దాచినవని ఆయన రుజువు చేస్తే అంతే."

"గది ఆస్తి కిందికి రాదని మీరే అంటిరి గదా!"

"నాకు గట్లనే నేర్పిండ్రు. ఇప్పుడు కోర్టుకు చెప్పేద్దాం. నీ పాలు అప్పులవాళ్లకు పోతది. సంగతి బయటపడ్డంక వచ్చే ఏడు ఆ చేన్ల నువ్వు అడుగు పెట్టలేవు."

"మరి భూమి గల్లాయన పాలు? వాళ్లింటిల్లిపాది ఎండల కష్టం చేసిండ్రు మేడం."

"అది ఆయనది. మొదటి మాట అదే రాస్త."

అతను ముఖం తుడుచుకున్నాడు. కారం దుమ్మేమో, కళ్లు ఎర్రబడ్డాయి. "గట్లయితే రాయుండ్రి."

తిరుగు బస్సులో ఒళ్లో కాగితాలు పెట్టుకుని అఫిడవిట్ రాశాను. సీటు కింద సంచి ఘాటుకు చుట్టూ అందరూ దగ్గుతున్నారు. అడవి దారిలో వెనక నుంచి కారు హారన్ వినపడ్డప్పుడల్లా సీనియరే నన్ను దాటిపోతున్నాడనిపించింది. పంట వివరాల కింద ఆ సంచి కూడా రాశాను.

మర్నాడు జడ్జి అఫిడవిట్ చదివి తలెత్తారు. "ఇది మొదట్లోనే ఎందుకు చూపించలేదు?"

"కాగితం లేని సాగు చూపించనక్కర్లేదని ఇక్కడందరూ అనుకుంటున్నారు సార్. నేనూ అలాగే అనుకున్నాను. తప్పని నిన్ననే తెలిసింది."

సీనియర్ లేచాడు. నా క్లయింటు బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"అభ్యంతరం లేదు సార్. తీస్కోవచ్చు."

జడ్జి అఫిడవిట్ తీసుకుని వాయిదా వేశారు.

గుమాస్తాలు కూర్చున్న వరండాలో సీనియర్ నా వెనకే వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ అఫిడవిట్ కాపీ ఒకటి ఇస్తవా అమ్మా?"

"మీకెందుకు సార్?"

"వేరే కేసులల్ల నా క్లయింట్లవి ఐపీలున్నయ్. వాళ్లకు గూడ ఏజెన్సీల తోటలున్నయ్. రాత్రి నిద్ర పట్టలే."

ఆ ముఖంలో ఉన్న భయం నిన్నంతా నేను మోసిందే. అయినా నాకు గుర్తున్నవి గుర్తున్నాయి.

"నిన్న ఆ ప్రశ్న ఎవరడిగిండ్రు సార్?"

"నువ్వే."

"గుమాస్తాలకు వినపడలే."

ఆయన నన్నొకసారి, వాళ్లనొకసారి చూశాడు. "మా జూనియరే అడిగింది" అన్నాడు గట్టిగా.

కాపీ ఇచ్చాను. దాని మీద ఎర్ర పెన్ను పెట్టొద్దని మాత్రం చెప్పాను.