ఊపిరి తీసే వూఫర్

దెయ్యాల సంగతి ఎత్తితే నాకు ఒళ్లు మండేది. సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం నాది. వదులైన తీగో, తడిసిన ఫ్యూజో, బద్ధకించిన మనిషో లేకుండా ఏ తేడా రాదని నా నమ్మకం. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఇల్లు చిలకలూరిపేట శివార్లలో ఉంది. వెనక పత్తి జిన్నింగ్ మిల్లు, ముందు మిర్చి ఆరబోసే కల్లం. నా భార్య వసుంధర ఇక్కడి హైస్కూల్లో టీచరు. ఆమెకు ఆయాసం. కాయలు కల్లానికి వచ్చాయంటే మా కిటికీలు ఇక తెరుచుకోవు. సందుల్లో తడిగుడ్డలు కుక్కి, తలుపులు బిగించుకుని కూర్చుంటాం. బదిలీ కోసం ఆమె వెళ్లని కౌన్సెలింగ్ లేదు.

ఆ బందిఖానాలో కాలక్షేపానికని రికార్డు ప్లేయరు తెచ్చాను. గుంటూరులో ఉండే నా చిన్ననాటి స్నేహితుడు భాస్కర్ తన పాత టర్న్‌టేబుల్, ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు ఇచ్చాడు. హాల్లో కడప రాయి అరమీద పెట్టాను. పాట బాగానే వచ్చేది. కానీ స్పీకరు ముందున్న జాలీ తీసి చూస్తే, కింద ఉండే పెద్ద కోను, అదే వూఫరు, పాటతో సంబంధం లేకుండా మెల్లగా ముందుకీ వెనక్కీ కదులుతోంది. చప్పుడు మాత్రం లేదు.

"మీ పెట్టె ఊపిరి తీస్తోందండీ," అంది వసుంధర. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇందులో వింతేమీ లేదు. రికార్డు కాస్త వంకర తిరిగినా, నేల అదురు సూదికి అందినా, చెవికి వినపడని కదలిక వూఫర్‌లో కనబడుతుంది. నా అనుమానం ముందు మిల్లు మీదికి పోయింది. మిల్లుకి సెలవైన రోజు చూశాను, కదులుతూనే ఉంది. టర్న్‌టేబుల్ కింద రబ్బరు ముక్కలు పెట్టాను. స్పీకర్లను అరమీంచి దించాను. రికార్డులు మార్చాను. చివరికి విసుగొచ్చి సూది పైకెత్తేశాను. అప్పుడైనా ఆగాలి. ఆగలేదు.

టర్న్‌టేబుల్ తీగలే పీకేశాను. అయినా కదులుతోంది. ఆంప్లిఫయర్ నుంచి ఏదైనా కరెంటు పోతోందేమోనని మీటర్ పెడితే సున్నా చూపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మీటరు మీద అనుమానం రావడం నాకు అదే మొదటిసారి. ఎప్పుడైనా దానంతటది ఆగుతుందేమో చూద్దామని ఆంప్లిఫయర్‌ని కొన్నాళ్లు ఆపకుండా వదిలేశాను. ఆగలేదు. భాస్కర్‌కి ఫోన్ చేసి చెడామడా తిట్టాను.

వాడు ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. వసుంధర లోపలి గదిలో నిద్రపోతోంది, తలుపు తెరిచే ఉంది. భాస్కర్ స్పీకర్ ముందు బాసింపట్టు వేసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత లోపలి గదివైపు చూశాడు. మళ్లీ వూఫర్‌ని చూశాడు.

"ఏరా, ఒకసారి ఇటొచ్చి కూర్చో," అన్నాడు గొంతు తగ్గించి.

కూర్చున్నాను. అక్కణ్ణుంచి రెండూ కనబడతాయి. వసుంధర ఊపిరి పీల్చినప్పుడు కోను ముందుకొస్తోంది. వదిలినప్పుడు వెనక్కి పోతోంది. ఆమె నిద్రలో దగ్గింది. కోను కూడా ఎగిరిపడింది.

భయం వేసిన మాట నిజం. దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. తేడా ఎక్కడుందో తేలనప్పుడు మేం చేసేది ఒకటే, మెయిన్ ఆపి చూడటం. లేచి వెళ్లి ఆంప్లిఫయర్ స్విచ్ ఆపేశాను.

కోను ఆగింది. లోపల స్టీలు గ్లాసు కిందపడిన చప్పుడైంది.

పరుగెత్తాను. వసుంధర లేచి కూర్చుని, నోరు తెరిచి, మంచం పట్టె గట్టిగా పట్టుకుని ఉంది. ఇన్‌హేలర్ కొట్టాను. మందు లోపలికి పోవాలన్నా పీల్చాలి కదా, ఆమె పీల్చలేకపోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే కల్లం మధ్యలోంచి, ఆ ఘాటులోంచే పోవాలి. తలుపు తీయలేను, మూసి ఉంచలేను. నా సొంత ఇంట్లో నేనలా చిక్కుకుపోతానని ఎప్పుడూ అనుకోలేదు. ఆమె నన్నే చూస్తోంది. పెదవులు నల్లబడుతున్నాయి.

"కారు తియ్యరా," అని అరిచాను.

భాస్కర్ కారు తీయలేదు. స్విచ్ వేశాడు. ఎందుకు వేశావని తర్వాత అడిగితే నాకే తెలీదురా అన్నాడు. ఆంప్లిఫయర్ టక్కుమనడం నాకు వినబడింది. అదే క్షణంలో వసుంధర ఈల వేసినట్టు గాలి లోపలికి లాక్కుంది.

మిర్చి ఘాటు వల్లేనన్నాడు డాక్టరు. మందు కాస్త ఆలస్యంగా పనిచేసి ఉంటుందన్నాడు. అయ్యుండొచ్చు. కానీ ఆ రోజు నుంచి నేను దాన్ని ఆపలేదు. కరెంటు ఒక్క క్షణం కూడా తెగకుండా ఇన్వర్టర్‌కి కలిపి, స్విచ్ మీద టేపు అంటించాను. వసుంధరకు ఏమీ చెప్పలేదు. ఆమె స్కూలుకి వెళ్లినా వూఫర్ కదులుతూనే ఉంటుంది. డ్యూటీలో ఉన్నా నా మనసు ఆంప్లిఫయర్ మీద వెలిగే ఎర్ర దీపం మీదే.

ఆమె అన్న మాట తలచుకుంటే ఇప్పుడు నవ్వు రాదు. ఊపిరి తీస్తోందంటే, పీలుస్తోందనా, లాగేసుకుంటోందనా? ఆమె ఊపిరిని అది చూపిస్తోందా, లేక అది తీస్తేనే ఆమె తీస్తోందా? తేల్చడానికి ఉన్నది ఒకటే పరీక్ష. మళ్లీ ఆపి చూడాలి.

పోయిన వారం ఆమెకు బదిలీ వచ్చింది. ఒంగోలు దగ్గర కొత్తపట్నం. అక్కడ మిర్చి లేదు, పత్తి దూది లేదు, సముద్రపు గాలి. తడిగుడ్డలన్నీ పీకి పారేసి, కిటికీ తెరిచి, తుమ్ముతూ నవ్వింది. ఆమెనలా చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. సామానంతా తనే సర్దేసింది. హాల్లో ఈ పెట్టెలొక్కటే మిగిలాయి.

"ఏమండీ, ఆ ప్లగ్గు పీకడానికి ముహూర్తం చూడాలా?" అంది ఇందాక.

ఇన్వర్టరుతో సహా లారీలో ఎక్కిస్తానని, పక్కనే కూర్చుని వస్తానని చెప్పాను. "ఇదేం పాటల పిచ్చండీ మీకు," అంది.

రేపు బయల్దేరతాం. ఆమె భాస్కర్ కారులో ముందు వెళుతుంది, నేను వెనక లారీలో. ఇన్వర్టర్ బ్యాటరీ పాతది, అది నాకు బాగా తెలుసు. ఎక్కడ తప్పుందో తేలేదాకా నిద్రపోని మనిషిని నేను. ఇదొక్కటి మాత్రం ఎప్పటికీ తేలకూడదని మొక్కుకుంటున్నాను.