జర కసరత్

మా మేనమామకు తొడల్లో బలం ఉండేది కాదు. ఆయన ఆస్తిలో నాకు వచ్చింది అదొక్కటే. కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు ఊని, నా మీద నేనే ఎక్కినట్టుగా లేవాలి. ఇది అమ్మవైపు వంశంలో వస్తున్న కండరాల జబ్బని నాకు ముప్పై దాటాక తెలిసింది. అంతవరకూ ఇంట్లో దీని పేరు బద్ధకం.

నా భయమంతా బస్సు మెట్టు గురించే. పనికోసం రోజూ కల్వకుర్తి పోవాలి. ఆ మెట్టు ఎక్కలేని రోజు ఇంట్లో కూర్చోవాల్సిందే.

"జబ్బు పోదు. ఉన్న బలం నిలబడాలంటే జర కసరత్ చేపియ్యుండ్రి," అన్నాడు దవాఖానలో డాక్టరు, మా బాపుతో, అంటే నాన్నతో.

మా దగ్గర 'జర' అంటే కొంచెం. దయచేసి అని కూడా. "జర నీళ్లియ్యి" అంటే ఎవరూ గుక్కెడు తేరు, చెంబు నిండా తెస్తారు. బాపు ఆ రెండో అర్థం పట్టుకున్నాడు. అంత పెద్ద డాక్టరు తనను బతిమాలాడని పొంగిపోయాడు. పైగా కసరత్ అంటే ఆయనకు వయసులో చేసిన కుస్తీ కసరతే తెలుసు.

తెల్లారేసరికి వాకిట్లో నాచేత కూర్చుని లేచే బస్కీలు మొదలుపెట్టించాడు. తోడుగా తానూ దిగాడు.

"బాపూ, కాళ్లు వణుకుతున్నయ్."

"వణకాలె బిడ్డా. గప్పుడే బలమొస్తది."

బలం రాలేదు. వారం తిరక్కుండానే బస్సు మెట్టు ముందు కాలు లేవలేదు. బస్సు వెళ్లిపోయింది. నడిరోడ్డు మీదే ఏడ్చేశాను.

డాక్టరు తల పట్టుకున్నాడు. "జర అన్న గద పెద్దాయనా! అలసిపోకముందే ఆపాలె. మరునాడు నొప్పులుంటే ఎక్కువైనట్టే."

"మీరు బతిమాలుతుండ్రనుకున్న సారూ," అన్నాడు బాపు.

కొన్నాళ్లు విశ్రాంతి. తర్వాత మెల్లగా నడక, కుర్చీలోంచి లేవడం, ఇంకా ఓపిక ఉండగానే ఆపడం. నేను ఆపినప్పుడల్లా, తింటున్న కంచం ముందునుంచి లేపినట్టు ఉండేది బాపు ముఖం. నెలలు గడిచినా బలం పెద్దగా పెరగలేదు, తగ్గనూ లేదు. బస్సు మాత్రం మళ్లీ ఎక్కగలిగాను. ఆ రోజు ఊరందరినీ పిలిచి దావత్ ఇవ్వాలనిపించింది.

మొన్న ఇద్దరం దవాఖానకు బయలుదేరాం. నేను బస్సు కడ్డీ పట్టుకుని ఎక్కాను. వెనక్కి చూస్తే బాపు కిందే ఉన్నాడు. నేను మానేసినా ఆయన బస్కీలు మానలేదు, మోకాళ్లు అరిగిపోయాయి. చెయ్యి చాచాను.

"జర గుంజు బిడ్డా."

"ఏ జర బాపూ?"

"కొంచెం జర," అని నవ్వుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. బరువంతా మాత్రం రెండో చేత్తో కడ్డీ మీదే వేశాడు.